తక్కువ బడ్జెట్‌లో ఇంటికి డీవీడీ, బ్లూ-రే ప్లేయర్: మళ్ళీ మళ్ళీ వస్తున్న డౌట్లు

పండక్కి ఇల్లు సర్దినప్పుడల్లా ఎవరో ఒకరింట్లో అటక మీద నుంచి ఓ అట్టపెట్టె దిగుతుంది, దాన్నిండా సీడీలూ డీవీడీలూ, పాత ప్లేయర్ ఎప్పుడో పోయింది, కొత్త టీవీకేమో ఎరుపు తెలుపు పసుపు పిన్నులు గుచ్చే చోటే ఉండదు. ఇక మొదలు ప్రశ్నలు. అందరూ అడిగేవి దాదాపు అవే కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో అది చూసుకోండి చాలు.

## కొనాలా వద్దా అనుకునేటప్పుడు

అన్నీ ఓటీటీలో వస్తున్నాయి కదా, ఇప్పుడు ప్లేయర్ కొనడం వేస్ట్ కాదా?

కొత్త సినిమాలు మాత్రమే చూసే ఇల్లైతే వేస్టే, మొహమాటం లేకుండా చెప్తున్నా. కానీ పాత సినిమాల సంగతి వేరు, ఓటీటీలో ఇవాళ ఉన్నది హక్కులు అయిపోతే రేపు ఉండదు, యూట్యూబ్‌లో దొరికినా చాలావాటికి మూల లోగో, మధ్యలో యాడ్లు, కొన్నిట్లో పాటలు కూడా కోసేసి ఉంటాయి. మీ దగ్గర మంచి ఒరిజినల్ డిస్కులు ఉన్నా, ఇంట్లో పెళ్ళిళ్ళ సీడీలు ఉన్నా ప్లేయర్ అవసరమే. డిస్కులేమీ లేకుండా, ప్లేయర్ కొన్నాక డిస్కులు కొందాంలే అనుకుంటే మాత్రం ముందు తెలుగు డిస్కులు ఎక్కడ దొరుకుతాయో చూసుకోండి, ఇప్పుడు షాపుల్లో దాదాపు లేవు, పాతవే చేతులు మారుతున్నాయి.

డీవీడీ ప్లేయర్ చాలా, బ్లూ-రే తీసుకోవాలా?

మీ పెట్టె తెరిచి చూడండి, జవాబు అందులోనే ఉంది. అన్నీ డీవీడీలే అయితే డీవీడీ ప్లేయర్ చాలు. బ్లూ-రే ప్లేయర్‌లో డీవీడీలు ఆడతాయి, డీవీడీ ప్లేయర్‌లో బ్లూ-రే ఆడదు, ఎందుకంటే లేజరే వేరు, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలం-ఊదా లేజర్, ఆ సన్న లేజర్ వల్లే ఒక లేయర్‌లో (పొరలో) 4.7 జీబీ పట్టే చోట 25 జీబీ పడుతుంది. బొమ్మ కూడా మన డీవీడీలో 720 బై 576 అయితే బ్లూ-రేలో 1920 బై 1080. తేడా పెద్ద టీవీలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ తెలుగు సినిమాలు బ్లూ-రేలో వచ్చినవి తక్కువ, కాబట్టి ఇంగ్లీషు, హిందీ బ్లూ-రేలు కూడా కొనే అలవాటు ఉంటేనే ఆ అదనపు డబ్బుకి అర్థం.

మా దగ్గర ఎక్కువ వీసీడీలే (సీడీ మీద వచ్చిన సినిమాలు) ఉన్నాయి, అవి ఆడతాయా?

డీవీడీ ప్లేయర్లలో చాలావరకు ఆడతాయి. బ్లూ-రే ప్లేయర్లతోనే చిక్కు, చాలా మోడల్స్ వీసీడీని పట్టించుకోవు, "నో డిస్క్" అనో "ప్లే చేయలేం" అనో చెప్పేస్తాయి. బాక్సు మీదో మాన్యువల్‌లోనో వీసీడీ అని స్పష్టంగా ఉంటేనే నమ్మండి, సీడీ ఆడుతుంది కదా అంటే వీసీడీ ఆడినట్టు కాదు. మనవాళ్ళ ఇళ్ళల్లో వీసీడీలు ఇంతింత ఎందుకున్నాయంటే అప్పట్లో రేటు అలా ఉండేది, మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు వచ్చి 28 రూపాయలకి వీసీడీ, 34కి డీవీడీ అమ్మారు, కిరాణా కొట్లో కూడా దొరికేవి. బొమ్మ విషయంలో ఆశ పెట్టుకోవద్దు, వీసీడీలో ఉండేది 352 బై 288 మాత్రమే, 55 అంగుళాల టీవీలో మొహాలు మసకగానే ఉంటాయి, దానికి ఏ ప్లేయరూ ఏం చేయలేదు.

4కే టీవీ కొన్నాం, 4కే ప్లేయరే కొనాలా?

అక్కర్లేదు. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ డిస్కులు మీ దగ్గర ఉంటేనే ఆ ప్లేయర్ పనికొస్తుంది. తెలుగు సినిమాల కోసం అంత ఖర్చు దండగ.

మొత్తం ఎంత బడ్జెట్ పెట్టుకోవాలి?

డీవీడీ ప్లేయర్‌కి రెండు నుంచి నాలుగు వేలు అనుకోండి, హెచ్‌డీఎంఐ (బొమ్మ, సౌండ్ ఒకే కేబుల్‌లో పంపే పోర్టు) ఉన్నది ఆ రేంజ్‌లో పైవైపు ఉంటుంది. బ్లూ-రే అంటే దానికి రెండు మూడు రెట్లు, స్టాక్ తక్కువ కాబట్టి ఆన్‌లైన్‌లో కొందరు సెల్లర్లు నోటికొచ్చిన రేటు పెడతారు, ఎంఆర్‌పీ కంటే ఎక్కువ కనిపిస్తే ఆగండి. డీవీడీ ప్లేయర్‌కి ఐదు వేలు దాటి పెట్టడం నాకైతే నచ్చదు. కేబుల్ ఖర్చు మర్చిపోవద్దు, చాలా బాక్సుల్లో హెచ్‌డీఎంఐ కేబుల్ ఉండదు, మామూలు కేబుల్ చాలు, బంగారు పూత అంటూ అంటగట్టేవి వద్దు.

పిల్లలు గేమ్స్ ఆడే పీఎస్4 ఉంది, దాంట్లో సినిమాలు ఆడవా?

ఆడతాయి, ఇది చాలామందికి తట్టదు. పీఎస్3, పీఎస్4 రెండూ డీవీడీ, బ్లూ-రే ప్లే చేస్తాయి, డిస్క్ పెట్టే పీఎస్5 అయితే 4కే డిస్కులు కూడా. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, సిరీస్ ఎక్స్ కూడా 4కే ఆడిస్తాయి, మొదటిసారి నెట్ పెట్టి యాప్ దించుకోవాలి. వీసీడీలు మాత్రం పీఎస్4లో ఆడవు, పాటల సీడీలు కూడా ఆడవు. ఇంకో ఇబ్బంది, అమ్మమ్మ తాతయ్యలకి ఆ గేమ్ రిమోట్‌తో సినిమా పెట్టుకోవడం కుదరదు, వాళ్ళు చూసేది ఉంటే మామూలు ప్లేయరే తీసుకోండి.

ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్ పెట్టుకుంటే సరిపోదా?

ఒంటరిగా చూసేవాళ్ళకి బానే సరిపోతుంది, చౌక కూడా. విండోస్ 10, 11లో డీవీడీ సినిమా ఆడించేది దాంతోపాటు రాదు, వీఎల్‌సీ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దించుకోండి, వీసీడీలు కూడా ఆడతాయి. కొందరు అదే డ్రైవ్ తీసుకెళ్ళి టీవీ యూఎస్‌బీలో గుచ్చి పని చేయట్లేదంటారు, టీవీలు దాన్ని గుర్తించవండీ, ఆ యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌ల కోసం.

## షాపులో, ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

ఏ కంపెనీది తీసుకోవాలి, అసలు ఎవరైనా తయారు చేస్తున్నారా?

తగ్గిపోయారు. ఒప్పో 2018లో ఆపేసింది, శాంసంగ్ 2019లో కొత్త మోడల్స్ మానేసింది, ఎల్‌జీ 2024 చివర్లో బ్లూ-రే ప్లేయర్లకి మంగళం పాడింది. పేరున్నవాటిల్లో మిగిలింది సోనీ, పానాసోనిక్. సోనీ కూడా ఆపేసిందట అని తిరిగే వార్త సగం నిజం, 2025 ఫిబ్రవరిలో వాళ్ళు ఆపింది మనం రికార్డ్ చేసుకునే ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ, సినిమా ప్లేయర్లు కాదు. మన దగ్గర షాపులో దొరికేది ఎక్కువగా సోనీయే, ఎల్‌జీ పాత స్టాక్ ఎక్కడైనా సీల్ తీయకుండా మంచి రేటుకి కనబడితే తీసుకోవచ్చు, కాకపోతే ముందు మీ ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, బాక్సులో వారంటీ కార్డు ఉన్నంత మాత్రాన రిపేర్ చేసేవాడు ఉన్నట్టు కాదు.

టీవీ వెనకాల ఏం చూసుకుని వెళ్ళాలి?

ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుని వెళ్ళండి, అంతకంటే మంచి సలహా లేదు. హెచ్‌డీఎంఐ పోర్టు ఖాళీ ఉండి, ప్లేయర్‌కి కూడా ఉంటే గొడవే లేదు. ఇక్కడే దెబ్బ తింటారు జనం, చౌక డీవీడీ ప్లేయర్లు చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, మూడు రంగుల ఏవీ పిన్నులే ఉంటాయి, కొత్త టీవీలకి అవి ఉండవు. కొన్ని టీవీల్లో హెడ్‌ఫోన్ సైజు చిన్న రంధ్రం పక్కన ఏవీ ఇన్ అని రాసి ఉంటుంది, దానికి ఒక చిన్న అడాప్టర్ వైరు కావాలి, టీవీతోపాటు వచ్చి ఉండొచ్చు, డ్రాయర్‌లో వెతకండి. అదీ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా అమ్ముతారు, రెండు రకాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి ఏవీని హెచ్‌డీఎంఐ చేస్తుంది, రెండోది దానికి ఉల్టా, మీకు కావాల్సింది మొదటిది. ఆ డబ్బాకి కరెంటు కూడా కావాలి, టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొచ్చు.

"1080పీ అప్‌స్కేలింగ్" అని రాసి ఉంది, డీవీడీ హెచ్‌డీ అయిపోతుందా?

అవ్వదు. డిస్కులో లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది? ఉన్న బొమ్మనే పెద్ద సైజుకి సాగదీస్తుంది, అంచులు కాస్త నున్నగా కనిపిస్తాయి. మీ టీవీ ఎలాగూ అదే పని చేస్తుంది. అసలు లాభం ఏంటంటే హెచ్‌డీఎంఐలో వెళ్ళే బొమ్మ ఏవీ వైరులో కంటే శుభ్రంగా ఉంటుంది, రంగులు ఒకదాంట్లో ఒకటి కారవు. కాబట్టి కొనేటప్పుడు హెచ్‌డీఎంఐ కోసం డబ్బు పెట్టండి, ఆ స్టిక్కర్ కోసం కాదు.

పేరు తెలియని బ్రాండ్ వెయ్యిన్నరకే ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

ఇది అవును కాదు అని ఒక్క ముక్కలో తేలదు. ఈ చౌక ప్లేయర్లలో ఒక సుగుణం ఉంది, ఏది పెట్టినా ఆడిస్తాయి, వీసీడీ, గీతలు పడ్డ డిస్కు, ఏ దేశపు డీవీడీ, అన్నీ. పేరున్న కంపెనీ ప్లేయర్ మొహం తిప్పుకున్న డిస్కు దీంట్లో ఆడటం మామూలే. చిక్కల్లా లేజర్ ఎంతకాలం ఉంటుందో చెప్పలేం, ట్రే మోటార్ బలహీనం, రిమోట్ పోతే అదే మోడల్‌ది మళ్ళీ దొరకదు. వీసీడీలూ పెళ్ళి డిస్కులూ చూసి, కాపీ చేసుకుని పక్కన పెట్టేద్దాం అనుకుంటే ఇదే బెటర్ అంటాను. రోజూ సినిమా పెట్టే ఇంటికి వద్దు.

ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో, కోఠిలో సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి కదా, ఏం చెక్ చేయాలి?

మీ డిస్కులు మీరే పట్టుకెళ్ళండి, వాళ్ళు చూపించే పాటల సీడీతో టెస్ట్ చేస్తే ఏదైనా ఆడుతుంది. సినిమా పూర్తి నిడివి ఉన్న ఒరిజినల్ డీవీడీ ఒకటి పెట్టి నేరుగా మధ్యకి, తర్వాత చివరికి వెళ్ళండి. పెద్ద సినిమాలు 8.5 జీబీ రెండు లేయర్ల డిస్కులో ఉంటాయి, లేజర్ సినిమా మధ్య దాకా ఒక లేయర్ చదివి అక్కడ రెండోదానికి మారుతుంది, నీరసపడ్డ లేజర్ ఆ మార్పు దగ్గరే ఆగిపోతుంది. ఒక్క క్షణం ఆగి ముందుకెళ్తే అది మామూలే, భయపడకండి. ట్రే నాలుగైదుసార్లు తెరిచి మూయండి. ముఖ్యంగా రిమోట్ లేకుండా తీసుకోకండి, సెటప్ మెనూ చాలా ప్లేయర్లలో రిమోట్‌తోనే తెరుచుకుంటుంది, అది లేకపోతే ఎంత మంచి ప్లేయరైనా సగం చచ్చినట్టే. యూఎస్‌బీలో ఒక పెన్‌డ్రైవ్ కూడా పెట్టి చూడండి.

## విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్ళకి

రీజియన్ కోడ్ అంటే ఏంటి, మాకెందుకు?

ఒక దేశం డిస్కు ఇంకో దేశంలో ఆడకుండా సినిమా కంపెనీలు పెట్టుకున్న తాళం అది. డీవీడీలకి అమెరికా, కెనడా 1, యూరప్, జపాన్, గల్ఫ్ దేశాలు 2, ఆస్ట్రేలియా 4, మనం 5. బ్లూ-రేకి అక్షరాలు, అమెరికా ఏ, యూరప్, ఆస్ట్రేలియా, గల్ఫ్ బీ, మనం సీ. డిస్కు మీద 0 అనో "ఆల్" అనో ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. 4కే డిస్కులకి ఈ తలనొప్పి లేదు. ఇంట్లో అన్నీ ఇక్కడ కొన్న డిస్కులే అయితే దీని గురించి ఆలోచించకండి.

మా అబ్బాయి అమెరికా నుంచి ప్లేయర్ తెస్తానంటున్నాడు, తెమ్మనాలా?

వద్దనే చెప్తాను. రీజియన్ ఒకటి, అక్కడి బ్లూ-రే ప్లేయర్ మన సీ డిస్కుల్ని తిప్పికొడుతుంది. రెండోది కరెంటు, అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. వెనకాల స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే పిన్ అడాప్టర్ చాలు, 120 అని మాత్రమే ఉంటే నేరుగా గుచ్చగానే కాలిపోతుంది, దానికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. మూడోది వారంటీ, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదనే అనుకోండి. అంతగా ప్రేమ ఉంటే బ్లూ-రే డిస్కులే తెమ్మనండి, అవి కూడా కవర్ వెనకాల ఏ, బీ, సీ మూడూ ఉన్నవి.

మేం డల్లాస్‌లో ఉంటాం, ఇండియా నుంచి తెచ్చిన డీవీడీలు ఆడట్లేదు, ఎందుకు?

రీజియన్‌తోపాటు ఇంకో అడ్డంకి ఉంది, పాల్ (PAL) అనే టీవీ బొమ్మల పద్ధతి. మన దగ్గర సెకనుకి 25 ఫ్రేముల పాల్ పద్ధతి, అమెరికాలో 30 ఫ్రేముల ఎన్‌టీఎస్‌సీ, అక్కడ అమ్మే ప్లేయర్లు చాలావరకు పాల్ చదవవు, చదివినా బొమ్మ నలుపు తెలుపులో రావడమో పైకి దొర్లడమో జరుగుతుంది. విదేశాల్లోని తెలుగువాళ్ళ కోసం వేసిన డీవీడీలు చాలా ఎన్‌టీఎస్‌సీ, ఆల్ రీజియన్‌లో వచ్చాయి, అందుకే అక్కడి ఇండియన్ స్టోర్‌లో కొన్నది ఆడుతుంది, ఊళ్ళో కొన్నది ఆడదు. కొత్త ప్లేయర్ కొంటుంటే "మల్టీ రీజియన్, పాల్ ఎన్‌టీఎస్‌సీ కన్వర్షన్" అని రాసి ఉన్నది చూసుకోండి. ఇప్పటికిప్పుడు చూడాలంటే ల్యాప్‌టాప్, డీవీడీ డ్రైవ్, వీఎల్‌సీ, పాల్ గొడవ అక్కడ ఉండదు. డ్రైవ్ రీజియన్ మార్చమంటే మాత్రం జాగ్రత్త, ఐదుసార్లు మార్చాక అది అక్కడే బిగుసుకుపోతుంది.

## ఇంటికి తెచ్చి పెట్టాక

టీవీలో నాలుగు వైపులా నల్లగా వస్తోంది, బొమ్మ మధ్యలో చిన్నగా ఉంది, ఏం చేయాలి?

ముందు ప్లేయర్ సెటప్‌లో టీవీ టైప్ 4:3 అని ఉందేమో చూసి 16:9 చేయండి, సగం కేసులు దీంతో తీరిపోతాయి. అయినా అలాగే ఉంటే తప్పు డిస్కుది, పాత డీవీడీలు కొన్ని డబ్బా టీవీల కోసం తయారు చేశారు, స్కోప్ సినిమాని (బాగా వెడల్పు బొమ్మ) 4:3 చట్రంలో పైనా కిందా నలుపు వేసి ఎక్కించారు, కొత్త టీవీ పక్కల కూడా నలుపు కలుపుతుంది. టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కండి, పక్కల నలుపు పోతుంది. పైనా కిందా కొంచెం నలుపు ఉండటం స్కోప్ సినిమాకి సహజం, దాన్ని కూడా పోగొట్టాలని సాగదీస్తే హీరోలంతా సన్నగా పొడుగ్గా అయిపోతారు.

ఫైట్లు పాటలు చెవులు పగిలేలా వస్తున్నాయి, మాటలు మాత్రం వినపడట్లేదు, ప్లేయర్ పోయిందా?

పోలేదు. డిస్కులో 5.1 సౌండ్ (ఆరు స్పీకర్ల కోసం చేసింది) ఉంది, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి పంపిస్తారు, మీ టీవీకేమో రెండే స్పీకర్లు, అన్నీ అందులో కలిపేసరికి మాటలు అణిగిపోతాయి. డిస్క్ మెనూలో 2.0 స్టీరియో ఉంటే అది పెట్టండి. ప్లేయర్ సెటప్‌లో ఆడియో డీఆర్‌సీ అనో నైట్ మోడ్ అనో ఉంటుంది, ఆన్ చేస్తే పెద్ద శబ్దం తగ్గి చిన్న శబ్దం పెరుగుతుంది, రాత్రి పిల్లలు పడుకున్నాక చూసేవాళ్ళకి ఇది వరం.

పాత హోం థియేటర్ ఉంది, దానికి ఎలా కలపాలి?

ప్లేయర్ వెనక కోయాక్సియల్ లేదా ఆప్టికల్ అనే డిజిటల్ సౌండ్ పోర్టు ఉందో చూడండి, డీవీడీల్లో ఉండే సౌండ్ రకాలు డాల్బీ డిజిటల్, డీటీఎస్ రెండూ దాంట్లోంచి వెళ్తాయి. సెటప్‌లో డిజిటల్ ఔట్ పీసీఎం అని ఉంటే రెండు స్పీకర్లే మోగుతాయి, బిట్‌స్ట్రీమ్ చేయాలి. టీవీ ద్వారా ఏఆర్‌సీలో (టీవీ నుంచి సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే హోం థియేటర్‌కి పంపే పద్ధతి) పంపిస్తే డీటీఎస్ డిస్కులకి కొన్ని టీవీల్లో సౌండే రాదు, ప్లేయర్ నుంచి నేరుగా కలపడమే మేలు.

పెన్‌డ్రైవ్‌లో సినిమా పెడితే "అన్‌సపోర్టెడ్" అంటోంది, టీవీలో మాత్రం ఆడుతోంది?

డీవీడీ ప్లేయర్లు చాలావరకు పాత డివ్‌ఎక్స్ ఏవీఐ, ఎంపెగ్ ఫైళ్ళే చదువుతాయి, ఇప్పటి ఎంకేవీ, ఎంపీ4లు వాటికి అర్థం కావు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో కూడా ఉండాలి, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు. టీవీలో ఆడుతుంటే టీవీలోనే చూసేయండి, దీనికోసం ఖరీదైన ప్లేయర్ కొనకండి.

పెన్‌డ్రైవ్ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే చతురస్రాలూ పిచ్చి గుర్తులూ వస్తున్నాయి, డీవీడీలో అయితే బానే వస్తున్నాయి, ఎందుకలా?

డీవీడీలో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా ఉండవు, బొమ్మలుగా ఉంటాయి, ప్లేయర్‌కి తెలుగు రాకపోయినా బొమ్మ చూపిస్తుంది అంతే. పెన్‌డ్రైవ్‌లో మీరు పెట్టేది టెక్స్ట్ ఫైలు, దానికి ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ ఉండాలి, ఒత్తులూ గుణింతాలూ కలపడం రావాలి, చౌక ప్లేయర్లకి రెండూ రావు. సెట్టింగ్స్‌లో తిరిగి టైం వేస్ట్ చేసుకోకండి.

## వాడుతుండగా వచ్చే గొడవలు

డిస్కు మీద గీతలున్నాయి, టూత్‌పేస్ట్ రాస్తే పోతాయా?

యూట్యూబ్ చూసి ఇది చేసేవాళ్ళు చాలామంది. ముందు మెత్తని బట్టతో, కొంచెం నీళ్ళు చాలు, మధ్య రంధ్రం నుంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవద్దు, ఎందుకంటే అడ్డంగా పడ్డ గీతని ప్లేయర్ దాటేస్తుంది, చుట్టూ తిరిగే గీత వెంట మాత్రం లేజర్ చాలాసేపు నడవాల్సి వస్తుంది. పేస్ట్ అంటే సన్నని ఇసకలాంటి పొడి, చిన్న గీత పోయినా చుట్టూ నిగారింపు పోతుంది. ఇంకోటి, వీసీడీని తిరగేసి పెడుతుంటారు, కింది వైపు జాగ్రత్త అని, నిజానికి సీడీల్లో డేటా ఉండే పొర పై లేబుల్‌కి ఆనుకునే ఉంటుంది, లేబుల్ వైపు గీత పడితే ఇక అంతే. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి కొంచెం నయం. బ్లూ-రేలో 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు.

నిన్నటిదాకా ఆడింది, ఇవాళ అన్ని డిస్కులకీ "నో డిస్క్" అంటోంది?

ఒక్క డిస్కుకే అంటే డిస్కుది తప్పు, అన్నిటికీ అంటే లెన్స్. వైజాగ్, కాకినాడ, నెల్లూరు వైపు తేమకి లెన్స్ మీద మసక పడుతుంది, నెలల తరబడి వాడకుండా బట్ట కప్పి ఉంచితే ఇంకా త్వరగా. బ్రష్ ఉన్న లెన్స్ క్లీనర్ సీడీ ఒకటి ట్రై చేయండి, దాంతో కాకపోతే మెకానిక్. లేజర్ యూనిట్ మార్చాలంటే రేటు ముందే అడగండి, కొత్త ప్లేయర్ ధరలో సగం దాటితే మార్చడం దండగ. వారంటీలో ఉంటే మూత మీరు తెరవకండి.

పెళ్ళి సీడీలు, డీవీడీలు ఉన్నాయి, ప్లేయర్ కొంటే చాలా?

చాలదు, కాపీ చేయండి, అదీ ముందు. సినిమా డిస్కులు ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి, పెళ్ళివి స్టూడియోలో రాసినవి, వాటిల్లో ఉండేది రంగు పొర, ఎండకీ వేడికీ పాడైపోతుంది, పైన మెరుస్తూనే ఉంటుంది లోపల చదవదు. వీసీడీ అయితే కంప్యూటర్‌లో పెట్టి ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్‌లోని డీఏటీ ఫైళ్ళు కాపీ చేసుకోండి, వీఎల్‌సీలో అలాగే ఆడతాయి. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తం తీసుకోండి, ఒకటి రెండు ఫైళ్ళు ఏరుకోకండి, సినిమా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో ఎర్రర్ వస్తే ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి, ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవడం చాలా మామూలు, పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లు ఈ పనికి బాగుంటాయి. ఏ ప్లేయర్‌లోనూ, ఏ కంప్యూటర్‌లోనూ ఆడకపోతే స్టూడియో వాళ్ళు డిస్కుని ఫైనలైజ్ చేయకుండా (రాయడం చివరి మెట్టు పూర్తి చేయకుండా) ఇచ్చి ఉండొచ్చు, పారేయకండి, డేటా రికవరీ చేసేవాళ్ళకి చూపించండి. కాపీ ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి అక్కయ్య వాళ్ళింట్లోనో తమ్ముడి దగ్గరో ఉంచండి.